వారం రోజుల రంగు

ఆషాఢం వచ్చిందంటే మా ఇంట్లో రోలుకి పని పడుతుంది. మిక్సీలో వేస్తే గోరింటాకు సరిగ్గా పండదని మా అమ్మ నమ్మకం. చెట్టు దగ్గరికి తనే వెళ్ళి ఆకు దూసుకొస్తుంది, కాస్త చింతపండు వేసి తనే రుబ్బుతుంది. రుబ్బేముందు కుడిచేతికి ఒక ప్లాస్టిక్ కవరు తొడుక్కుని మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుంటుంది. ఆ కవరు సంగతి తర్వాత చెబుతాను.

ఈసారి ఆకు దూసేలోపే మా చెల్లెలి కూతురు అమెరికా నుంచి సెలవులకి దిగింది. దాని పెట్టెలోంచి చాక్లెట్లతో పాటు ఒక గోధుమరంగు సీసా బయటికొచ్చింది. ఏమిటే ఇది అని అడిగాను.

"ఇది రాసుకుంటే ఎండలోకి వెళ్ళకుండానే ఒళ్ళు ఎండకి నల్లబడినట్టు అవుతుంది పెద్దమ్మా" అంది.

"నల్లబడ్డానికి డబ్బులిచ్చి కొనుక్కుంటారుటే?" అన్నాను. మా అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి మరీ నవ్వింది.

వీటిని సెల్ఫ్ టానర్లు అంటారట. అక్కడ తెల్లవాళ్ళు ఒళ్ళంతా పూసుకుంటారు. మా పిల్ల మాత్రం అందుకు కాదు, బొమ్మలు వేసుకోవడానికి తెచ్చుకుంది. అక్కడ దాని స్నేహితురాళ్ళు పువ్వులూ లతలూ కత్తిరించిన స్టిక్కర్లు చేతికి అంటించుకుని, ఖాళీల్లో ఈ లోషన్ అద్దుకుంటారు. మర్నాటికి పచ్చబొట్టు పొడిచినట్టు బొమ్మ వస్తుంది. సూది లేదు, నొప్పి లేదు, వారం తిరిగేసరికి దానంతటదే పోతుంది. మా అమ్మాయికి ఈ మాట చెవిన పడగానే ఇద్దరూ కలిసి నా డైనింగ్ టేబుల్ ఆక్రమించేశారు.

వాళ్ళు చేసింది చెబుతాను, మీకూ పనికి రావచ్చు. ముందు మోచేతి మడతలో చుక్కంత రాసి ఒకరోజు చూశారు, దురదా దద్దురూ ఏమీ లేవని ఖాయం చేసుకోవడానికి. తర్వాత చేతులు సబ్బుతో రుద్ది కడిగి, జిడ్డు లేకుండా తుడుచుకున్నారు. నూనె ఉంటే రంగు సరిగ్గా పట్టదట. స్టిక్కరు అంటించి, స్పాంజి ముక్కతో పల్చగా అద్ది, ఆరాక మళ్ళీ ఒకసారి అద్దారు. ఎనిమిది గంటలు నీళ్ళు తగలకూడదు. దాంతో రాత్రి ఇద్దరికీ అన్నం నేనే కలిపి పెట్టాను. గోరింటాకు పెట్టుకున్న రాత్రులు ఇంకెలా గడుస్తాయి లెండి!

తెల్లారింది. చెల్లెలి కూతురిది పచ్చని ఛాయ. దాని ముంజేతి మీద తేనెరంగు లత చక్కగా లేచింది. ఒకటి రెండు ఆకుల అంచులు పాకాయి, అంతే. మా అమ్మాయిది చామనఛాయ, నా పోలిక. దాని చెయ్యి ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పి, కళ్ళు చికిలించి చూస్తే తప్ప లత ఉందో లేదో తెలియలేదు.

"నాది కంపెనీ ఫిట్టింగ్‌లే, పైపూత పని చెయ్యదు" అని నవ్వేసింది మా అమ్మాయి. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ఈ రంగు కథంతా చెప్పాలి. ఆ మధ్యాహ్నం నుంచి నాలుగైదు రోజులు కూర్చుని చదివినదంతా మీ ముందు పెడుతున్నాను.

ఈ సీసాలో అసలు సరుకు పేరు డైహైడ్రాక్సీ అసిటోన్, ముద్దుగా డీహెచ్ఏ. పేరు చూసి భయపడకండి, అదొక రకం చక్కెర. 1950ల్లో అమెరికాలోని సిన్సినాటిలో ఎవా విట్‌గెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు ఉండేది. శరీరం చక్కెరని సరిగ్గా నిల్వ చేసుకోలేని, వాడుకోలేని ఒక జబ్బుతో పుట్టిన పిల్లలకి ఈ డీహెచ్ఏని నోటి ద్వారా ఇచ్చి పరీక్షలు చేసేవారు. పిల్లలు కదా, కొంత మింగేవారు, కొంత ఉమ్మేసేవారు. ఆ ఉమ్మిన మందు ఒంటి మీద పడిన చోట కొన్ని గంటలకి గోధుమరంగు మరకలు తేలేవి. అదే మందు బట్టల మీద పడితే మరక లేదు! బట్టని వదిలేసి చర్మాన్నే పట్టుకుంటోందేమిటని ఆవిడకి అనుమానం వచ్చింది. నీళ్ళలో కలిపి తన చేతికే పూసుకుని చూసింది. మళ్ళీ అదే గోధుమరంగు. ఆ సంగతి 1960లో సైన్సు పత్రికలో అచ్చయింది.

పిల్లలు కక్కితే తుడిచి ఊరుకునేవాళ్ళం మనం. ఆవిడ తుడిచేముందు ఆగి చూసింది.

ఆ రంగు ఎలా వస్తుందో చదివినప్పుడు నాకు మా పెనం గుర్తొచ్చింది. అట్టు అడుగున ఎర్రగా కాలడం, పుల్కా మీద గోధుమరంగు మచ్చలు రావడం, ఉల్లిపాయ ముక్కలు వేగి రంగు మారడం మనం రోజూ చూసేదే. పిండిలోనూ కూరలోనూ ఉన్న చక్కెరా, మాంసకృత్తులూ వేడికి కలిసి గోధుమరంగు పదార్థాలు తయారవుతాయి. 1912లో దీని గురించి రాసిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ పేరే ఆ మార్పుకి పెట్టారు. డీహెచ్ఏ చేసేది కూడా అదే జాతి పని. కాకపోతే పొయ్యి అక్కర్లేదు. చర్మం పైన ఉన్న మృత కణాల పొరలోని మాంసకృత్తులతో కలిసి, రెండు మూడు గంటల్లో రంగు మొదలై, ఒక రోజుకి నిండుగా తేలుతుంది. ఆ పొర రోజూ కొంచెం కొంచెం రాలిపోతూనే ఉంటుంది కాబట్టి, వారం పది రోజుల్లో రంగు దాంతో పాటే వెళ్ళిపోతుంది. లోపలి చర్మానికి దీంతో పని లేదు.

సరే, రంగు దొరికింది. కానీ ఆ రంగు కావాలని జనానికి ఎందుకు అనిపించింది? నాకు ఇక్కడే కథ రుచిగా ఉంది.

యూరపులో కొన్ని వందల ఏళ్ళ పాటు తెల్లటి ఒళ్ళే గొప్ప. పొలంలో పని చేసేవాళ్ళు ఎండకి నల్లబడతారు, నీడపట్టున కూర్చునేవాళ్ళు తెల్లగా ఉంటారు. కాబట్టి తెలుపు అంటే ఆస్తి ఉందని చాటింపు. ఆ తెలుపు కోసం గొప్పింటి ఆడవాళ్ళు సీసంతో చేసిన పూత ముఖానికి రాసుకున్నారు, ఒళ్ళు పాడవుతున్నా సరే. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. పేదవాళ్ళు తెల్లారి నుంచి చీకటి పడేదాకా కప్పుల కింద పని చేసి పాలిపోయారు. ఎండలో తీరిగ్గా పడుకునే స్తోమత డబ్బున్నవాళ్ళకే మిగిలింది. ఎండ ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లు కూడా అనడం మొదలుపెట్టారు. చర్మానికి వచ్చే క్షయకి కాంతితో వైద్యం చేసిన నీల్స్ ఫిన్సెన్‌కి 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. 1920ల్లో ఫ్యాషన్ దుస్తులు కుట్టే కోకో షనెల్ సముద్ర విహారానికి వెళ్ళి ఎండకి రంగు మారి తిరిగొచ్చిందని, ఆవిణ్ణి చూసి ఆ రంగు ఫ్యాషనైపోయిందని చెప్పుకుంటారు. ఒక్కావిడ వల్లే అంత మారిందో లేదో గానీ, అప్పటిదాకా కూలీ గుర్తుగా ఉన్న రంగు ఒక్క తరంలో షోకు గుర్తయి కూర్చుంది.

తర్వాత యుద్ధం వచ్చింది. 1940లో అమెరికా అంతటా నైలాన్ మేజోళ్ళు అమ్మకానికి వచ్చి ఆడవాళ్ళని మురిపించాయి. రెండేళ్ళు తిరక్కుండానే నైలానంతా పారాచూట్లకీ తాళ్ళకీ మళ్ళించారు. ఉత్త కాళ్ళతో బయటికి వెళితే మర్యాద కాదనే రోజులవి. ఏం చెయ్యాలి? మేజోడు రంగు ద్రవాన్ని కాళ్ళకి పూసుకున్నారు. అది కూడా దొరకని ఇంగ్లండు ఇల్లాళ్ళు వంటింట్లో చారుకి రంగు కోసం వేసే సరుకుని, టీ డికాషన్‌ని కాళ్ళకి రాసుకున్నారు. అప్పటి మేజోళ్ళకి వెనక నిలువునా కుట్టు కనిపించేది. కనుబొమ్మల పెన్సిలుతో పిక్కల మీద ఆ కుట్టు గీతని గీసుకునేవారు. ఎవరి పిక్కల మీద వాళ్ళు తిన్నగా గీసుకోవడం కుదరదు కదా, పక్కింటావిడో అక్కచెల్లెళ్ళో వచ్చి గీసేవారు. వాన పడితే మేజోళ్ళు కారిపోయేవి!

1960 ప్రాంతంలో డీహెచ్ఏ సీసాలు అమెరికా దుకాణాల్లోకి వచ్చాయి. మాన్ టాన్ అన్నది మొదట్లో బాగా అమ్ముడైన పేర్లలో ఒకటి. కానీ దాంతో ఒక చిక్కు. ఆ ద్రవానికి రంగు లేదు, రంగు తేలేది కొన్ని గంటల తర్వాత. ఎక్కడ రాశామో ఎక్కడ వదిలేశామో రాసేటప్పుడు తెలియదు. ఒంటి మీద చారలు చారలుగా వచ్చేది. మోచేతులూ మోకాళ్ళూ పొడిగా ఉంటాయి కాబట్టి అక్కడ మరీ ముదురు. రాసిన తర్వాత చేతులు కడుక్కోవడం మర్చిపోతే అరచేతులు నారింజరంగు. ఇప్పటి సీసాల్లో రాసిన చోటు కనిపించడానికి కడిగితే పోయే గోధుమరంగు కలుపుతున్నారు. ఈ రంగు తేలినంత మాత్రాన ఎండ నుంచి రక్షణ దొరకదని కూడా గుర్తుంచుకోవాలి. కళ్ళకీ పెదవులకీ తగలనివ్వకూడదు.

అటువైపు వాళ్ళు గోధుమరంగు సీసాల కోసం ఎగబడుతుంటే, ఇటువైపు మనం ఏం కొన్నాం? 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. మా పెళ్ళిళ్ళ తరానికి ఆ పేరు తెలియని ఇల్లు లేదు. 2020లో పేరులోంచి "ఫెయిర్" తీసేసి "గ్లో" పెట్టారు. పేరు మారింది, పెళ్ళి ప్రకటనల్లో "తెల్లని అమ్మాయి కావలెను" అన్న మాట మాత్రం ఇంకా కళ్ళబడుతూనే ఉంది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక పెళ్ళిలో ఎవరో "పిల్ల కళైనదే, కాస్త రంగు ఉంటేనా..." అని వాక్యం అక్కడ ఆపేశారు. ఆ ఆపిన చోటు నాకు గుచ్చుకుంది. మర్నాడు బజారుకి వెళ్ళి తెల్లబరిచే క్రీము ట్యూబు ఒకటి కొనుక్కొచ్చాను. ఏమీ అనకుండా అద్దం దగ్గర పెట్టాను. అది కూడా ఏమీ అడక్కుండా రాసుకుంది. రెండు ట్యూబులయ్యాక మానేసింది. ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. "కంపెనీ ఫిట్టింగ్" అని అది నవ్వినప్పుడు నాకు కనిపించింది ఆ అద్దం ముందు ట్యూబు. ఒక దేశంలో తల్లి పాలిపోయిన పిల్లని ఎండలోకి పొమ్మంటుంది, ఇంకో దేశంలో తల్లి ఎండ తగలకుండా గొడుగు పట్టుకు తిరుగుతుంది. ఇద్దరూ పిల్ల మంచి కోసమే అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

ఒంటి మీద బొమ్మ గీసుకోవడం మాత్రం మనకి కొత్తేమీ కాదు. డిగ్రీలో తెలుగు చదివిన పుణ్యాన ప్రబంధ నాయికల చెక్కిళ్ళ మీద చెలికత్తెలు దిద్దే మకరికా పత్రాలు నాకు పరిచయమే. కస్తూరితో, చందనంతో మొసళ్ళూ చేపల ఆకారాలూ, ఆకులూ తీగలూ వేసేవారు. పరీక్షల్లో అర్థం రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అవి కూడా స్నానంతో పోయే బొమ్మలేనని అప్పుడు తట్టలేదు. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో "విశేషకచ్ఛేద్యం" అని ఒకటుంది. నుదుటి బొట్టు దిద్దుకోవడానికి ఆకుల్ని రకరకాల ఆకారాల్లో కత్తిరించే విద్య. మా పిల్లలు డైనింగ్ టేబుల్ మీద స్టిక్కర్లతో చేసింది దానికి చుట్టమే కదూ!

పెళ్ళికూతురి పాదాలకి పెట్టే పారాణి చూడండి. పచ్చటి పసుపులో తెల్లటి సున్నం కలిస్తే ఎర్రగా మారుతుంది. లత్తుక రంగు లక్కలోంచి వచ్చింది. ఇక గోరింటాకు ఎంత పాతదంటే, ఈజిప్టు మమ్మీల జుట్టులో కూడా ఆ రంగు దొరికింది. గోరింటాకులో ఉన్న లాసోన్ అనే రంగు పదార్థం కూడా చర్మం పైపొరలోని మాంసకృత్తులనే అంటిపెట్టుకుంటుంది. సీసాలోని చక్కెరకీ చెట్టు మీది ఆకుకీ పని చేసే చోటు ఒక్కటే. తేడా ఏమిటంటే ఆకు తన రంగు తనే తెచ్చుకుంటుంది. చక్కెరకి సొంత రంగు లేదు, మన చర్మంతో కలిశాకే పుడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. గంటలో నల్లగా పండే "బ్లాక్ మెహందీ" జోలికి పోకండి. గోరింటాకు నల్లగా పండదు. అలాంటి కోన్లలో తలకి వేసుకునే రంగులో ఉండే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. మా బంధువుల పెళ్ళిలో ఒక పిల్లకి వేసిన డిజైను వేసినట్టే బొబ్బలెక్కింది. ఆ మచ్చలు పోవడానికి నెలలు పట్టాయి. ఒకసారి పడకపోతే తర్వాత జీవితాంతం తలరంగు కూడా పడకపోవచ్చు.

ఇంతా చదివాక నాకొక సంగతి వెలిగింది. గోరింటాకు మనం అరచేతికే ఎందుకు పెట్టుకుంటాం? అక్కడ పైపొర మందం, రంగు పట్టుకునే చోటు ఎక్కువ. పైగా ఎవరి ఒంటి ఛాయ ఎలాగున్నా అరచేతులు లేతరంగులోనే ఉంటాయి. మాన్ టాన్ రాసుకున్నవాళ్ళ అరచేతులు నారింజరంగుకి తిరిగింది కూడా ఆ మందం వల్లే. వాళ్ళు పొరపాటు అనుకున్నది మన అమ్మమ్మలకి పద్ధతి. "ముంజెయ్యి వదిలేసి అరచేతిలో వేసుకోండే" అన్నాను పిల్లలతో. స్టిక్కరు కూడా వద్దన్నాను. మధ్యలో చందమామ, చుట్టూ చుక్కలు, అంతే.

దూది పుల్లలతో వేసుకుంటున్నారు. అమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది.

ఇప్పుడు ఆ ప్లాస్టిక్ కవరు సంగతి. నాన్నగారు పోయి తొమ్మిదేళ్ళు. మా ఇళ్ళల్లో ఆ తర్వాత ఆడవాళ్ళు గోరింటాకు పెట్టుకోరు. ఏటా ఆకు దూసేది అమ్మ, రుబ్బేది అమ్మ, మాకందరికీ పెట్టి ఎవరిది బాగా పండిందో చూసి మురిసేది అమ్మ. రుబ్బేటప్పుడు పొరపాటున కూడా తన చెయ్యి పండకూడదని ఆ కవరు. మొదటి ఏడాది నేను చూసి గొంతు పట్టేసి లోపలికి వెళ్ళిపోయాను. తర్వాత తర్వాత చూడడం అలవాటైంది. అలవాటైంది అని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"నువ్వూ పెట్టుకో అమ్మమ్మా" అంది చెల్లెలి కూతురు. దానికి ఈ పద్ధతులు తెలియవు. నేను ఏదో అనబోయేలోపు అమ్మే అడిగింది.

"ఇది ఆకు కాదుగా?"

"కాదమ్మమ్మా. ఒక రకం పంచదార."

అమ్మ నా వైపు చూసింది. అడుగుతున్నట్టు చూసిందో, చెబుతున్నట్టు చూసిందో తెలియలేదు. "ఏం కాదులే అమ్మా, వారంలో పోతుంది" అన్నాను. ఎడమచెయ్యి చాపింది. మా అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, ఆ అరచేతిలో గీతల మధ్య చందమామని దిద్దింది. ఆ రాత్రి అమ్మ చెయ్యి దుప్పటికి తగలకుండా గుండెల మీద తెరిచి పెట్టుకుని పడుకుంది. చిన్నప్పుడు నాకు అలాగే పడుకోమని చెప్పేది.

పొద్దున్న ముగ్గురి చేతులూ పక్కపక్కన పెట్టి చూశాను. పచ్చని ఛాయ పిల్లదీ, చామనఛాయ పిల్లదీ, డెబ్భై ఏళ్ళ అమ్మదీ. ముగ్గురి చందమామలూ ఒక్క రంగే. మా అమ్మాయి తన చెయ్యి నా ముఖం ముందు పెట్టి, "ఇప్పుడు కనిపించిందా?" అంది. కనిపించిందని చెప్పాను. ఆ ట్యూబు గురించి కూడా అప్పుడే చెప్పాను, కొనకుండా ఉండాల్సిందని. "నాకు తెలుసులే అమ్మా" అంది.

మొదటి రెండు రోజులు ఎవరైనా ఇంటికొస్తే అమ్మ ఎడమ గుప్పిట మూసే ఉంచింది. మూడో రోజు పక్కింటావిడ కరివేపాకు కోసం వస్తే ఆ చేత్తోనే ఇచ్చింది. ఆవిడ చూసింది. అమ్మ ఏమీ చెప్పలేదు, ఆవిడ ఏమీ అడగలేదు.

ఆరో రోజుకి చందమామ వెలిసిపోయింది. మర్నాడు పిల్లల గది గుమ్మంలో నిలబడి, ఆ సీసాలో ఇంకా ఎంత మిగిలిందో చూడమంది అమ్మ.